డ్రైవర్ సీటు ఎక్కడ?

నా ఉద్యోగం గురించి మా అమ్మకి తెలిసింది ఒకటే ముక్క: మావాడు డ్రైవర్లు రాస్తాడు. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే అదే చెబుతుంది. వాళ్లు లారీయా, బస్సా అన్నట్టు నా వైపు చూస్తారు. విడమరిచి చెప్పే ఓపిక నాకుండదు, వినే ఓపిక వాళ్లకుండదు. మీరు ఫోన్ చేతిలో పట్టుకుని ఇక్కడిదాకా వచ్చారు కాబట్టి మీకు చెబుతా.

ఆ ఫోన్ ఆండ్రాయిడ్ అయితే, దాని అడుగున ఉన్నది లైనక్స్ కెర్నెల్. మీరు స్క్రీన్ మీద వేలు పెట్టగానే లోపల ఒక చిప్ "ఎవరో తాకారు" అని ప్రాసెసర్‌ని తట్టి లేపుతుంది. ఆ పిలుపు అందుకుని, వేలు ఎక్కడ పడిందో చిప్‌ని అడిగి, పై వాళ్లకి చేరవేసే చిన్న కోడే డ్రైవర్. అది కెర్నెల్ లోపల ఉంటుంది. మీరు వాడే యాప్‌లన్నీ బయట, అంటే యూజర్ స్పేస్‌లో ఉంటాయి. యాప్ చచ్చిపోతే మళ్లీ తెరుచుకుంటారు. కెర్నెల్ లోపల ఏదైనా తేడా వస్తే మొత్తం ఫోనే ఆగిపోతుంది.

ఇంటర్వ్యూల్లో "క్యారెక్టర్ డ్రైవర్ రాయి చూద్దాం" అంటారు. అసలు రాయాలా వద్దా, రాస్తే కెర్నెల్ లోపలా బయటా, లోపలైతే సొంతంగానా లేక ఉన్నవాటిలో ఒదిగేలానా అని ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. పనిలో చేరాక మాత్రం రోజూ తగువు దాని గురించే. ఆ తగువు వెనక ఒకసారి పాల డబ్బులు కూడా ఉన్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

చిత్తూరు వైపు పల్లెల్లో పాల సేకరణ కేంద్రాల దగ్గర బల్క్ కూలర్లు ఉంటాయి. పొద్దునా సాయంత్రం ఇళ్ల నుంచి వచ్చిన పాలని పెద్ద స్టీలు తొట్టిలో పోసి 4 డిగ్రీలకి చల్లబరుస్తారు. తర్వాత ట్యాంకర్ వచ్చి తోడుకుపోతుంది. పాలు చల్లగా ఉన్నాయా, కరెంటు ఎంతసేపు పోయింది, ట్యాంకర్‌లోకి ఎన్ని లీటర్లు ఎక్కాయి అనే మూడు సంగతులు చూసి డెయిరీకి పంపే డబ్బా ఒకటి కూలర్ పక్కన గోడకి ఉంటుంది. అప్పటికే వేరే కంపెనీ పెట్టిన డబ్బాలు ఉన్నాయి. వాటి స్థానంలో కొత్తవి చేసే పని మా చిన్న కంపెనీకి వచ్చింది.

పాత డబ్బాలతో గొడవేంటో తెలుసుకోవడానికి నన్ను ఒక కేంద్రానికి పంపారు. అది నడిపే అక్క నన్ను చూడగానే, ఆ డబ్బా చేసింది నేనే అన్నట్టు మొదలుపెట్టింది.

"నేను చెయ్యి పెట్టి చూసినాను తమ్ముడూ, ఐసు మాదిరి ఉండాయి పాలు. ఈ డబ్బా మాత్రం వేడిగా ఉండాయంటాది. డబ్బులు ఆపేసినారు. నలభై ఇళ్లోళ్లు నా ఇంటి ముందర కూర్చున్నారు. ఎవురికి చెప్పుకునేది?"

డెయిరీ వాళ్ల రిపోర్టులో ఆ రోజు ఒక గంట ఎదురుగా 10.75 డిగ్రీలు అని ఎర్రగా ఉంది. ముందు గంటలో 4, తర్వాత గంటలో 4. అంత పెద్ద తొట్టిలో పాలు గంటలో దాదాపు 7 డిగ్రీలు వేడెక్కి, మళ్లీ గంటలో చల్లబడవు. ఆ సంఖ్య చూస్తూ కూర్చుంటే లెక్క దొరికింది. ఆ డబ్బా 5 నిమిషాలకోసారి కొలుస్తుంది, గంటకి 12 సార్లు. 11 సార్లు 4, ఒక్కసారి 85 వస్తే మొత్తం 129. పన్నెండుతో భాగిస్తే సరిగ్గా 10.75.

85 ఎక్కడిది? ఈ పనిలో ఉన్నవాళ్లకి ఇది పాత చుట్టమే. డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సర్ చాలా చవక, చాలా ప్రసిద్ధం. దానికి కరెంటు తగిలిన వెంటనే, ఇంకా ఏమీ కొలవకముందే, లోపల పెట్టుకుని ఉండే విలువ 85. పూర్తి 12 బిట్ల కొలతకి దానికి ముప్పావు సెకను, అంటే 750 మిల్లీసెకన్లు పడుతుంది. కూలర్ కంప్రెసర్ ఆన్ అయినప్పుడు వోల్టేజీ ఒక్క క్షణం కుంగుతుంది. కొలత మధ్యలో అలా కుంగితే సెన్సర్ రీసెట్ అయి 85 చెబుతుంది. డేటా చెడిపోలేదని చూసే చెక్‌సమ్ కూడా సరిగ్గానే ఉంటుంది, ఎందుకంటే సెన్సర్ నిజంగానే 85 అని పంపింది. పాలు మరిగే ముందు ఉండే వేడి అది. స్టీలు తొట్టిలో అలా ఉంటే అక్క చెయ్యి కాలిపోయేది.

ఆ పాత డబ్బా ఈ సెన్సర్‌ని ఎలా చదువుతోందో చూస్తే ఇంకో సంగతి బయటపడింది. లోపల లైనక్స్ ఉంది, లైనక్స్‌లో ఈ సెన్సర్‌కి డ్రైవర్ ఏనాడో ఉంది. అయినా దాన్ని వదిలేసి, బయట ఒక ప్రోగ్రాం నుంచి పిన్నుని నేరుగా పైకీ కిందకీ ఊపుతున్నారు. ఈ సెన్సర్‌తో మాట్లాడాలంటే ఒక్కో బిట్‌కి 60 మైక్రోసెకన్ల పైచిలుకు సమయం, అందులోనూ మొదటి 15 మైక్రోసెకన్లలోపు చదివేయాలి. యూజర్ స్పేస్ ప్రోగ్రాంని లైనక్స్ ఎప్పుడైనా పక్కన కూర్చోబెట్టి వేరే పని చూసుకోవచ్చు. అది మిల్లీసెకన్లు కూడా కావచ్చు. అప్పుడు బిట్లు చెడిపోతాయి. చెక్‌సమ్ దాన్ని పడుతుంది సరే, పట్టాక ఏం చేస్తున్నారంటే పాత రీడింగ్‌నే మళ్లీ పంపుతున్నారు. అంటే సెన్సర్ వైరు ఎలక కొరికేసినా రిపోర్టులో 4 డిగ్రీలే కనిపిస్తుంది. నాకు 85 కన్నా ఇదే ఎక్కువ భయం వేసింది.

కెర్నెల్‌లో ఉన్న డ్రైవర్ ఆ ఒక్కో బిట్ చదివే కాసేపు ఇంటరప్ట్‌లని ఆపి పెడుతుంది, మధ్యలో ఎవరూ దూరరు. మనం ఒక ఫైల్ తెరిచి చదివితే చాలు, 4062 అని వస్తుంది. అంటే 4.062 డిగ్రీలు. చదవలేకపోతే ఎర్రర్ వస్తుంది. ఇంకా ముచ్చటైన సంగతి, ఇప్పటి డ్రైవర్‌లో 85 వస్తే అనుమానించమని చెప్పే ఆప్షన్ కూడా ఉంది. మనం ఆన్ చేసుకోవాలి అంతే. ప్రపంచంలో ఎక్కడో ఎవరికో ఇదే 85 నిద్ర లేకుండా చేసి ఉంటుంది, వాళ్లు దాన్ని డ్రైవర్‌లో పెట్టి పోయారు.

హైదరాబాద్ తిరిగొచ్చాక మీటింగ్. మా మేనేజర్‌ది ఒకటే మాట.

"కెర్నెల్ జోలికి ఎందుకు బాస్? ఆరు వారాలే ఉన్నాయి. అంతా పైథాన్‌లో, బయటే చేసేద్దాం. తేడా వస్తే ప్రోగ్రాం రీస్టార్ట్ అవుతుంది, బోర్డు బతికే ఉంటుంది."

దీన్ని తీసిపారేయడానికి లేదు. ఐ స్క్వేర్డ్ సీ, ఎస్‌పీఐ లాంటి బస్సుల మీద (మళ్లీ బస్సులే, అమ్మ మాట నిజమే) ఉన్న చిప్పులతో బయట నుంచే మాట్లాడుకోవడానికి లైనక్స్ తలుపులు తెరిచే ఉంచింది. కొత్త చిప్ వచ్చిన రోజు దాని గుట్టు తెలుసుకోవడానికి నేనూ అలాగే మొదలుపెడతా. కాకపోతే ప్రయోగం చేసుకునే బల్ల వేరు, గోడకి పదేళ్లు వేలాడాల్సిన డబ్బా వేరు.

మా సీనియర్‌ది పూర్తిగా రెండో వైపు. పదిహేనేళ్లుగా డ్రైవర్లు రాస్తున్న మనిషి, ఆయన కోడ్ నాదానికన్నా శుభ్రంగా ఉంటుంది. "చూడు తమ్ముడూ, బోర్డు మొత్తానికి ఒకే క్యారెక్టర్ డ్రైవర్ రాసేస్తా. టెంపరేచర్‌కి ఒక ఐఆక్టల్, ఫ్లోకి ఒకటి, మీటర్‌కి ఒకటి. పైన ఎవడైనా ఆ మూడు పిలిస్తే చాలు" అన్నాడు.

అందులో అందం ఉంది. అయితే ఆ మూడు పిలుపులు ఈ ప్రపంచంలో మా ఆఫీసులో తప్ప ఎవరికీ తెలియవు. పైగా కెర్నెల్ బయటి వాళ్లకి ఇచ్చిన మాట ఒకటి, లోపలి వాళ్లకి ఇచ్చే మాట ఇంకొకటి. యూజర్ స్పేస్ ప్రోగ్రాంలు పదేళ్ల తర్వాత కూడా నడవాలని లైనస్ టోర్వాల్డ్స్ ఎంత పట్టుదలగా ఉంటాడో అందరికీ తెలుసు. లోపలి ఫంక్షన్లకి మాత్రం ఆ భరోసా లేదు, ఇవ్వబోమని కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి పెట్టారు. క్యారెక్టర్ డ్రైవర్ నేర్పే ప్రతి యూట్యూబ్ వీడియోలో కనిపించే క్లాస్ క్రియేట్ అనే ఫంక్షన్ 2023లో, 6.4 వెర్షన్‌లో, ఒక ఆర్గ్యుమెంట్ వదులుకుంది. దాంతో ఆ వీడియోల్లో ఉన్న కోడ్ కొత్త కెర్నెల్ మీద కంపైలే కాదు. కెర్నెల్‌లో భాగంగా ఉన్న డ్రైవర్లన్నిటినీ ఆ మార్పు చేసినవాళ్లే సరిదిద్దారు. మన దగ్గర దాచుకున్న డ్రైవర్‌ని మనమే సరిదిద్దుకోవాలి. సెక్యూరిటీ కోసం కెర్నెల్ మార్చిన ప్రతిసారీ ఇదే తంతు.

"మారిస్తే మారుస్తారు, నేను సరిచేస్తాగా" అన్నాడు సీనియర్.

"నువ్వు లేకపోతే అన్నా?"

"ఎక్కడికి పోతానురా?" అని నవ్వాడు. ఆ ప్రశ్నకి జవాబు మా ఇద్దరి దగ్గరా లేదు. హైటెక్ సిటీలో ఏ ఇంజనీర్ ఎంతకాలం ఏ కుర్చీలో ఉంటాడో ఎవరు చెప్పగలరు.

నా వాదన ఇంతే: బోర్డు మొత్తానికి ఒకే జవాబు వెతకొద్దు, ఒక్కో పరికరాన్ని విడిగా చూద్దాం. ఆ పనికి కెర్నెల్‌లో ఇప్పటికే ఒక సబ్‌సిస్టమ్ ఉందేమో ముందు వెతుకుదాం. ఉష్ణోగ్రతలకీ ఫ్యాన్లకీ హెచ్‌డబ్ల్యూమాన్ ఉంది, ఏడీసీలకీ రకరకాల సెన్సర్లకీ 2009 నుంచి ఐఐఓ ఉంది, పల్సులు లెక్కపెట్టడానికి 2019 నుంచి కౌంటర్ అనేది ఉంది. వాటిలో ఇమిడితే, డివైస్ ట్రీ అనే బోర్డు సామాన్ల జాబితాలో నాలుగు లైన్లు రాస్తే పని అయిపోతుంది. కొత్తగా సీ కోడ్ రాయనక్కర్లేదు. టెంపరేచర్ సెన్సర్‌కి అదే జరిగింది, దాని మీద తగువు అయిదు నిమిషాల్లో తేలిపోయింది.

కరెంటు మీటర్‌తో కొంచెం వేరే కథ. అది ఆర్‌ఎస్-485 వైర్ల మీద మోడ్‌బస్ భాషలో మాట్లాడుతుంది. రెండే వైర్లు, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వినాలి. వాకీటాకీ లాంటిదే, మాట అయిపోయాక బటన్ వదలకపోతే అవతలివాడి మాట మొదట్లోనే తెగిపోతుంది. 9600 వేగంలో ఒక్కో అక్షరానికి సుమారు 1 మిల్లీసెకను పైన పడుతుంది. మోడ్‌బస్ నియమం ప్రకారం మూడున్నర అక్షరాల మౌనం, అంటే దాదాపు 4 మిల్లీసెకన్లు. ఆ లోపల బటన్ వదిలెయ్యాలి. పైథాన్ ప్రోగ్రాం చాలాసార్లు వదులుతుంది, కానీ మాకు కావాల్సింది ప్రతిసారీ. మా చిప్‌కి ఉన్న సీరియల్ డ్రైవర్‌లో ఈ బటన్ పని తనే చూసుకునే సౌకర్యం ఉంది. కాబట్టి బటన్ కెర్నెల్‌లో, మోడ్‌బస్ భాష బయట. రేపు మీటర్ కంపెనీ మారితే మార్చాల్సింది బయట ఉన్నదే, అది పైథాన్‌లో ఉంటే అందరికీ హాయి.

అసలు కుస్తీ ఫ్లో మీటర్ దగ్గర. ట్యాంకర్‌లోకి పాలు ఎక్కేటప్పుడు మీటర్ పల్సులు ఇస్తుంది. మేం తీసుకున్న దానికి లీటరుకి 100 పల్సులు. పంపు నిమిషానికి 200 లీటర్లు తోడితే సెకనుకి 333 పల్సులు, 3 మిల్లీసెకన్లకి ఒకటి. మేనేజర్ పద్ధతిలో ఒక్కో పల్సుకి కెర్నెల్ ఒక కబురు పంపుతుంది, పైథాన్ ఒకటి కలుపుకుంటుంది. పైథాన్ ఆలస్యమైతే కబుర్లు ఒక చిన్న బఫర్‌లో ఆగుతాయి. మామూలుగా అందులో పట్టేవి ఒక్కో పిన్నుకి 16. అంటే పైథాన్ 50 మిల్లీసెకన్లు కళ్లు మూసుకుంటే కబుర్లు పోవడం మొదలవుతుంది. మెమరీ కార్డు మీద లాగ్ రాసేటప్పుడు కార్డు ఒక్కోసారి అర సెకను మొండికేస్తుంది, అది వాడిన ఎవరికైనా తెలుసు. నిమిషానికి ఒక్కసారి అలా అర సెకను ఆగిందనుకోండి, 150 పల్సులు, లీటరున్నర. 1000 లీటర్ల ట్యాంకర్‌కి 5 నిమిషాలు, ఏడున్నర లీటర్లు. లీటరు 40 రూపాయలు అనుకుంటే రోజుకి 300. ఇది ఎప్పుడూ ఒక వైపే పోతుంది. తక్కువ లెక్కే తప్ప ఎక్కువ లెక్క రాదు. పోయేది కేంద్రం వాళ్లది, ఎవరూ పట్టుకోలేరు.

నేను ఈ లెక్క బోర్డు మీద రాసినప్పుడు గదిలో కాసేపు మాటల్లేవు. తర్వాత మేనేజర్ గట్టిగానే వాదించాడు, అది నాకు నచ్చింది.

"బఫర్ పెంచొచ్చుగా? ఎన్ని పోయాయో తెలిసే సీక్వెన్స్ నంబర్ కూడా ఉందిగా? పైగా ఇప్పుడు రియల్ టైమ్ లైనక్స్ మెయిన్‌లైన్‌లోకి వచ్చేసింది."

మూడూ నిజమే. రియల్ టైమ్ ప్యాచ్‌లు ఏళ్ల తరబడి బయటే ఉండి, చివరికి 2024లో 6.12 వెర్షన్‌తో లోపలికి వచ్చాయి. అయితే మన ప్రోగ్రామే కార్డు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే రియల్ టైమ్ ఏం చేస్తుంది? బఫర్ పెంచినా ఇంకో చిక్కు ఉంది. పాలు ఎక్కుతుండగా పైథాన్ ప్రోగ్రాం చచ్చిపోయి రీస్టార్ట్ అయితే, లెక్క దానితోనే పోతుంది. కెర్నెల్‌లో ఇంటరప్ట్ కౌంటర్ అని ఒక చిన్న డ్రైవర్ ఉంది. పల్సు వచ్చిన ప్రతిసారీ ఇంటరప్ట్‌లోనే ఒకటి కలుపుకుని ఊరుకుంటుంది. పైథాన్ తీరిగ్గా సెకనుకోసారి వచ్చి సంఖ్య చూసుకోవచ్చు. అది చచ్చి మళ్లీ పుట్టినా సంఖ్య అక్కడే ఉంటుంది. మొత్తం డ్రైవర్ కొన్ని వందల లైన్లు, నేను రాయాల్సింది సున్నా.

"అయితే ఇందులో నేను రాసేదేం లేదా?" అన్నాడు సీనియర్. కొంచెం నొచ్చుకున్నాడనే అనిపించింది. ఆయన ఒకప్పుడు ఎఫ్‌పీజీఏ కార్డులకి యూఐఓ పద్ధతిలో డ్రైవర్లు రాశాడు. 2007లో 2.6.23 కెర్నెల్‌తో వచ్చిన పద్ధతి అది. కెర్నెల్‌లో వేలెడంత కోడ్ ఇంటరప్ట్ అందుకుంటుంది, మిగతా అంతా బయట. రిజిస్టర్లు నేరుగా ప్రోగ్రాం మెమరీలోనే కనిపిస్తాయి, ఒక ఫైల్ చదివితే ఇంటరప్ట్ వచ్చేదాకా నిద్రపుచ్చి, వచ్చాక ఎన్నోదో చెప్పి లేపుతుంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేని హార్డ్‌వేర్‌ని మనమే తయారుచేసుకుంటే అంతకన్నా సుఖమైన దారి లేదు. దానికి సబ్‌సిస్టమ్ వెతకడం కూడా వృథా. (కోడ్ బయటపెట్టడం ఇష్టం లేక యూఐఓ ఎంచుకునే కంపెనీలు కూడా ఉన్నాయి. అది లాయర్లు చేసే ఎంపిక, ఇంజనీర్లు చేసేది కాదు.) పాల డబ్బాలో అలాంటి హార్డ్‌వేర్ ఏదీ లేదు. ఉన్నవన్నీ బజార్లో దొరికేవే. సీనియర్ డేటాషీట్లు తిరగేసి, చివరికి ఆయనే డివైస్ ట్రీ రాశాడు. ఫ్లో మీటర్ పిన్నుకి చిన్న ఫిల్టర్ లేకపోతే మోటార్ నాయిస్‌ని కూడా పల్సులుగా లెక్కపెడుతుందని పట్టింది కూడా ఆయనే. ఆ పని ఏ డ్రైవరూ చేసిపెట్టదు.

పరీక్ష మేడ మీద, నీళ్లతో. 20 లీటర్ల క్యాన్లు, ఒక పంపు, తూకం మిషను. వెనక పైథాన్‌తో కార్డు మీద కావాలని బండెడు డేటా రాయిస్తూ, మధ్యలో ప్రోగ్రాంని చంపుతూ మళ్లీ లేపుతూ రెండు రోజులు తోడాం. తూకానికీ కౌంటర్‌కీ మధ్య తేడా మీటర్ స్పెసిఫికేషన్ దాటలేదు. వాచ్‌మన్ మాత్రం ట్యాంకు ఖాళీ చేస్తున్నామని మా మీద కంప్లైంట్ ఇచ్చాడు.

ఆ అక్క డబ్బుల సంగతి అడుగుతారని తెలుసు. 85 గురించీ 10.75 లెక్క గురించీ ఒక పేజీ రాసి డెయిరీ వాళ్లకి పంపాం. ముడి రీడింగులు చూపించమన్నారు. పాత డబ్బా గంట సగటు తప్ప ఏదీ దాచుకోలేదు. 85 వచ్చిందని నేను లెక్కతో చూపించగలను కానీ, ఆ 85ని కాదు. ఫైల్ ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. అక్క మాత్రం రెండు వారాలకోసారి ఫోన్ చేసి "ఏమైనా చెప్పినారా తమ్ముడూ" అని అడుగుతుంది.

అందుకే కొత్త డబ్బా ప్రతి రీడింగ్‌నీ అలాగే దాస్తుంది. చదవలేకపోతే ఆ గడి ఖాళీగా వదిలి, పక్కన ఎర్రర్ కోడ్ రాస్తుంది. మొదటి నెల రిపోర్టులు వెళ్లాక డెయిరీ క్వాలిటీ సెక్షన్ నుంచి ఫోన్ వచ్చింది. ఖాళీ గడులుంటే తమ ఎక్సెల్ షీట్ ఒప్పుకోవడం లేదని, పాత డబ్బా ఎప్పుడూ ఖాళీ ఇవ్వలేదని, దయచేసి ఏదో ఒక నంబర్ పెట్టమని అడిగారు. మేనేజర్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి నా వైపు చూశాడు. కుదరదన్నాను. షీట్ సరిచేసే ఫార్ములా నేనే రాసి మెయిల్ చేస్తానని చెప్పాను, ఆ సాయంత్రమే పంపాను.